లినక్స్‌కి విండోస్ వేషం వేస్తే సరిపోతుందా?

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది కదా, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేదనో ప్రాసెసర్ పాతదనో విండోస్ 11 ఎక్కని కంప్యూటర్లున్న చాలామంది అప్పట్నుంచి విండోస్‌కి బదులు వేసుకోగలిగే లినక్స్ సంగతి అడుగుతున్నారు. వాళ్లకి దొరికే సలహా ఒకటే, లినక్స్ రకాల్లో (వీటినే డిస్ట్రోలంటారు) అచ్చం విండోస్‌లా ఉండేదేదో చూసి వేసుకోమని. కింద ప్యానెల్, ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం, ఇంకాస్త ఓపికుంటే ఐకాన్లు కూడా అవే. స్క్రీన్‌షాట్ చూపిస్తే ఏది ఏదో చెప్పలేం. నా గొడవంతా ఈ స్క్రీన్‌షాట్‌తోనే.

కొత్తగా వచ్చినవాళ్లు తడబడేది రంగుల దగ్గర కాదు, చెయ్యి అలవాటు కొద్దీ ఒకటి చేస్తే ఇంకోటి జరిగినప్పుడు. లినక్స్ డెస్క్‌టాప్‌ల్లో ఒకటైన కేడీఈ ప్లాస్మానే తీసుకోండి, చూడ్డానికి విండోస్‌కి దగ్గరగానే ఉంటుంది, కానీ ఏళ్ల తరబడి అందులో ఫోల్డర్ మీద ఒక్క క్లిక్ చేస్తే చాలు తెరుచుకునేది, సెలెక్ట్ చేద్దామని నొక్కినవాడు లోపలికెళ్లిపోయేవాడు, అలవాటుగా రెండోసారి కూడా నొక్కితే లోపలున్న ఇంకేదో ఓపెనయ్యేది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ప్లాస్మా 6లో డబుల్ క్లిక్‌ని డిఫాల్ట్ చేశారు. వంద థీమ్‌లు చెయ్యని మేలు ఈ ఒక్క మార్పు చేసిందంటాను నేను. సెట్టింగ్స్‌లో ముందునుంచీ ఉందిగా అంటారు కొందరు, నిజమే, కానీ కొత్తవాడికి అది సెట్టింగ్ అని తెలీదు కదా, సిస్టమే పాడైందనుకుంటాడు.

గ్నోమ్ అనే ఇంకో డెస్క్‌టాప్‌ది వేరే దారి, 2011లో వచ్చిన గ్నోమ్ 3 టాస్క్‌బార్‌నీ మినిమైజ్ బటన్‌నీ తీసేసి చాలామందితో తిట్లు తింది, మింట్ అనే డిస్ట్రో వాళ్లు సినమన్ అని సొంత డెస్క్‌టాప్ చేసుకున్నదీ ఆ చిరాకుతోనే. కానీ గ్నోమ్‌ని చూడగానే ఇది వేరే అని తెలిసిపోతుంది, నేర్చుకోవాలని మనసు ముందే సిద్ధపడుతుంది. వేషం వేసిన డెస్క్‌టాప్‌తో ఆ సౌకర్యం లేదు.

లినక్స్‌లో పెన్‌డ్రైవ్ సంగతే చూడండి. పెద్ద వీడియో కాపీ పెట్టామా, బార్ చకచకా చివరిదాకా వెళ్లి మాయమైపోతుంది, డేటా మాత్రం ఇంకా ర్యామ్‌లోనే ఉండి వెనకాల మెల్లగా రాస్తూ ఉంటుంది. విండోస్‌లో లాగి పారేసే అలవాటున్నవాళ్లం (అక్కడ 2018 నుంచీ డిఫాల్ట్ దానికి తగ్గట్టే ఉంది) ఇక్కడా లాగేస్తాం, తీరా వేరేచోట పెడితే ఫైల్ సగమే ఉంటుంది. నాకు రెండుసార్లు అయ్యింది, రెండోసారి అయ్యాకగానీ బుద్ధి రాలేదు.

ఇలాంటిచోట జోరిన్ అనే డిస్ట్రో చేసిన పని నాకు నచ్చింది. విండోస్ కోసం దించుకున్న ఈఎక్స్‌ఈ ఇన్‌స్టాలర్‌ని అలవాటుగా డబుల్ క్లిక్ చేస్తే, తనకి తెలిసిన యాప్ అయితే దానికి లినక్స్ వెర్షన్ ఉందనో, బదులుగా ఫలానాది వాడుకోమనో అక్కడికక్కడే చెప్తుంది. ఇక్కడ విండోస్‌లా నటించడమేం లేదు, విండోస్ నుంచి వచ్చినవాడు ఏం నొక్కుతాడో ఊహించి పెట్టుకున్నారంతే.

ఇంకోటి, ఫాంట్లు. వర్డ్‌లో కాలిబ్రి ఫాంట్‌తో చేసిన రెజ్యూమే, లినక్స్‌లో దానికి బదులు వాడే లిబ్రేఆఫీస్‌లో తెరిస్తే రెండు పేజీలది మూడోదాంట్లోకి జారొచ్చు, అదే కార్లిటో ఫాంట్ ఉంటే అక్షరాల వెడల్పులు సరిగ్గా అవే కాబట్టి లైన్లు చాలావరకు కదలవు. కొన్ని డిస్ట్రోల్లో అది ముందే ఉంటుంది, కొన్నింట్లో మనమే వెతికి వేసుకోవాలి. వాల్‌పేపర్లకి మాత్రం ఎక్కడా కొదవుండదు.