నీటి బిల్లులో బొగ్గు

చెన్నై దక్షిణాన పేరూరు తీరంలో నగర నీటి సరఫరా సంస్థ మెట్రోవాటర్ చేపట్టిన కొత్త నిర్లవణీకరణ కేంద్రం సామర్థ్యం రోజుకు 40 కోట్ల లీటర్లు. సముద్రపు నీటిలో ఉప్పు తీసి తాగేలా చేయడానికి కిలోలీటరుకు ఉజ్జాయింపుగా మూడున్నర యూనిట్ల కరెంటు పడుతుంది. ఈ ఒక్క కేంద్రం నిండుగా నడిస్తే రోజుకు 14 లక్షల యూనిట్లు కావాలన్నమాట. మన గ్రిడ్‌లో ఇప్పటికీ బొగ్గుదే సింహభాగం. యూనిట్‌కు సుమారు 0.7 కిలోల చొప్పున లెక్కేస్తే ఆ నీటి వెనక రోజుకు దాదాపు వెయ్యి టన్నుల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది.

ఆ కేంద్రం వద్దని మేము అనడం లేదు. 2019 వేసవిలో పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం చెరువులు నాలుగూ అడుగంటాయి. జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెప్పించారు. ఐటీ కంపెనీలు ఉద్యోగులను ఇళ్ల నుంచే పనిచేసుకోమన్నాయి. అంత కష్టం చూసిన నగరానికి సముద్రం తప్పదు. అయితే సముద్రం మీద ఆధారపడ్డాక ప్రతి చుక్క విలువా మారిపోతుంది. ఒక ఫ్యాక్టరీ చెరువు నీరో, బోరు నీరో ఒక కిలోలీటరు వాడుకుంటే, ఆ లోటును ఎక్కడో ఒక వీధికి సముద్రం నుంచి తెచ్చి పూడ్చాలి. ఫ్యాక్టరీ తాగింది చెరువు నీరే అయినా దాని తాలూకు బొగ్గు మాత్రం ఎన్నూరు వైపు థర్మల్ కేంద్రాల్లో కాలుతుంది. రోజుకు పది లక్షల లీటర్ల మంచినీరు వాడే ఫ్యాక్టరీ ఈ లెక్కన ఏడాదికి దాదాపు తొమ్మిది వందల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు కారణమవుతోంది. ఆ ముక్క దాని పుస్తకాల్లో ఎక్కడా కనిపించదు.

కనిపించకపోవడానికి ఎవరి కుట్రా అక్కర్లేదు. నీళ్లు ఇచ్చేది మెట్రోవాటర్, లేదంటే పారిశ్రామిక వాడలు నడిపే ప్రభుత్వ సంస్థ సిప్‌కాట్. కరెంటు ఇచ్చేది విద్యుత్ పంపిణీ సంస్థ. మురుగు ఎలా వదలాలో చెప్పేది కాలుష్య నియంత్రణ మండలి. ఇంధన పొదుపు లెక్కలు అడిగేది ఢిల్లీలోని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ. ఎవరి ఫైలు వారిది. స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల ప్రకారం పెద్ద లిస్టెడ్ కంపెనీలు సొంత బాయిలర్ పొగనూ, కొన్న కరెంటు వెనక పొగనూ వెల్లడించాలి. కొన్న నీటి వెనక ఉన్న పొగ మూడో ఖాతాలోకి వెళుతుంది, అది ఐచ్ఛికం. ఐచ్ఛికమంటే మన దేశంలో ఏమిటో పాఠకులకు వేరే చెప్పాలా?

దారి చూపాల్సింది ఎక్కడో విదేశాల వారు కాదు. మణలిలోని రిఫైనరీ, ఎరువుల కర్మాగారం 1990ల తొలినాళ్లలోనే నగరపు మురుగునీటిని కొని, ఆర్వోలో శుద్ధి చేసి వాడుకోవడం మొదలుపెట్టాయి. కర్బనం గురించి బెంగపడి కాదు, చేతిలో చుక్క నీరు లేక. 2019లో కొడుంగైయూరు, కోయంబేడులలో రోజుకు నాలుగున్నర కోట్ల లీటర్ల చొప్పున రెండు కేంద్రాలు మొదలయ్యాయి. ఒకటి మణలి, ఎన్నూరు వైపు, రెండోది ఇరుంగాట్టుకోట్టై, శ్రీపెరుంబుదూరు, ఒరగడం వైపు ఫ్యాక్టరీలకు శుద్ధజలం పంపుతోంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. శుద్ధి చేసిన మురుగునీటిలో అందులో చిన్న భాగమే. ఉప్పు తగ్గితే పొర గుండా నీటిని నెట్టడానికి కావలసిన ఒత్తిడి తగ్గుతుంది, పంపు తినే కరెంటూ తగ్గుతుంది. సముద్రపు నీటికయ్యే దానిలో సగం కూడా పట్టదు. ఇంత తేలిక లెక్క ఉండగా రెండు కేంద్రాలూ కలిపి తొమ్మిది కోట్ల లీటర్ల దగ్గరే ఉండిపోవడం మాకు మింగుడు పడటం లేదు. నగరం రోజూ కూవం, అడయారుల వైపు వదిలేదానితో పోలిస్తే అది ఏ మూలకు? 2016 జాతీయ టారిఫ్ విధానం మురుగు శుద్ధి కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు ఉన్న థర్మల్ కేంద్రాలు ఆ నీటినే వాడాలని చెప్పింది. ఆ నియమం మిగతా పరిశ్రమలకు వర్తించకూడదనడానికి కారణం మాకు కనిపించదు.

అలాగని నీటి పొదుపంతా కర్బన పొదుపే అనుకుంటే పొరపాటు. తిరుప్పూరు అద్దకం యూనిట్ల కథ గుర్తుండే ఉంటుంది. నొయ్యల్ నదిని రంగునీళ్లతో నింపినందుకు 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు వాటికి తాళం వేయించింది. చుక్క నీరు బయటకు వదలని పద్ధతి పాటిస్తేనే మళ్లీ తెరవనిచ్చారు. నది కోసం అది అవసరమే, కోర్టును తప్పుపట్టలేం. కానీ ఆర్వో మిగిల్చిన చిక్కటి ఉప్పునీటిని ఇగరబెట్టడానికి ఆవిరి కావాలి, ఆవిరికి బాయిలర్, బాయిలర్‌కు కట్టెలు, బొగ్గు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడకుండా చూసుకోవాలంటే, అద్దకంలో ఉప్పు వాడకమే తగ్గించడం, వేడినీటి వేడిని మళ్లీ వాడుకోవడం, చివరి బొట్టు దాకా ఇగరబెట్టడం ఏ యూనిట్‌కు నిజంగా అవసరమో తేల్చుకోవడం ముందు జరగాలి. నీటి ఇంజినీరు, కరెంటు ఇంజినీరు ఒకే బల్ల దగ్గర కూర్చుంటేనే అది తేలుతుంది.

ఫ్యాక్టరీ గోడల లోపల కూడా పెట్టుబడి పెద్దగా అక్కర్లేని పని ఉంది. కూలింగ్ టవర్‌లో నీరు ఆవిరైపోతుంటే లవణాలు చిక్కబడతాయి, అప్పుడు కొంత నీటిని వదిలేస్తారు. వచ్చే నీటికంటే లవణాలు మూడింతలు కాగానే వదిలే టవర్‌ను, నీటి రసాయనం సరిచూసుకుంటూ ఆరింతల దాకా నడిపితే కొత్తగా పోసే నీరు ఐదో వంతు తగ్గుతుంది. వదిలే మురికినీరు సగానికి పైగా తగ్గుతుంది. గొప్ప ఆవిష్కరణేమీ కాదు, రోజూ మీటరు చూసే మనిషి ఒకరు ఉండాలి, అంతే.

కరెంటు వాడే వేళ కూడా ముఖ్యం. తమిళనాడులో గాలి కాలం వచ్చిందంటే గ్రిడ్ తట్టుకోలేక గాలిమరలను ఆపించిన సందర్భాలున్నాయి. పగలు సౌరవిద్యుత్తు పొంగుతుంది. కరెంటును దాచడానికి బ్యాటరీలు కావాలి గాని నీటిని దాచడానికి తొట్టి చాలు. పంపింగ్, చల్లబరిచే యంత్రాలు (చిల్లర్లు) నడపడం, శుద్ధి చేసిన నీటిని పై ట్యాంకులకు ఎక్కించడం వంటివి ఎండ వేళకు జరపవచ్చు. ఆర్వో పొరలు మాటిమాటికీ ఆపి నడపడాన్ని ఇష్టపడవు, దాని జోలికి వెళ్లనక్కర్లేదు. సౌర వేళల్లో టారిఫ్ కనీసం 20 శాతం తక్కువ ఉండాలని కేంద్రం 2023లో నిబంధనలు సవరించింది. ఇదిగాక, ఎన్నూరు ఓడరేవులో సున్నాకు 162 డిగ్రీల కింద దిగే ద్రవ సహజవాయువు (ఎల్‌ఎన్‌జీ) చల్లదనాన్ని కోల్డ్ స్టోరేజీలకు వాడుకునే ఆలోచన కూడా ఎవరైనా చేయాలి.

తొందర ఎందుకంటే కర్బన లెక్క అడిగేవాళ్లు వచ్చేశారు. దిగుమతి సరుకుల తయారీలో వెలువడిన కర్బనం మీద యూరప్ వేసే సరిహద్దు కర్బన సుంకం 2026 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది, ఉక్కు, ఎరువులు ఆ జాబితాలో ఉన్నాయి. గుమ్మిడిపూండి ఉక్కు యూనిట్లలో సూళ్లూరుపేట వైపు నుంచి సబర్బన్ రైలెక్కి వచ్చే మనవాళ్లు పనిచేస్తున్నారు. ఆ ఆర్డర్లు నిలిస్తేనే ఆ షిఫ్టులు నిలుస్తాయి.

ఆ రైల్లో వచ్చేవారికి ఇంకో సంగతీ తెలుసు. 1983 ఒప్పందం ప్రకారం కృష్ణ నుంచి చెన్నైకి రావలసింది 12 టీఎంసీలు. కండలేరు నుంచి పూండి దాకా ఆ నీరు కాలువలో వాలుకు పారుతూ వస్తుంది. వేసవిలో మన పల్లెల పొలాలు ఆవురావురుమంటుంటే ఆ కాలువ మీద కళ్లు పడటమూ సహజం. అలా వచ్చిన నీటిని శుద్ధి చేసిన మురుగునీటితో సరిపెట్టుకోగల కూలింగ్ టవర్లకు పోయడం నెల్లూరు, తిరుపతి జిల్లాల రైతుకు న్యాయంగా అనిపించదు, మాకూ అనిపించడం లేదు.

కాబట్టి పరిశ్రమకు అనుమతి పత్రం ఇచ్చేటప్పుడు నీటి ప్రణాళిక, విద్యుత్ ప్రణాళిక వేరువేరుగా కాక ఒకే దరఖాస్తుగా తీసుకోవాలి. కిలోలీటరుకు ఎన్ని యూనిట్లు ఖర్చయ్యాయో మెట్రోవాటర్ ప్రతి కేంద్రానికీ నెలనెలా ప్రకటించాలి, పారిశ్రామిక బిల్లు మీదా ముద్రించాలి. కొడుంగైయూరు శుద్ధజలాన్ని గుమ్మిడిపూండి దాకా పొడిగిస్తే పైపుకు, పంపింగ్‌కు ఎంతవుతుందో, ఇప్పుడు ట్యాంకర్లకు, డీజిల్‌కు ఎంతవుతోందో పక్కపక్కన పెట్టి మెట్రోవాటర్, సిప్‌కాట్ కలిసి ఒక పత్రం ప్రచురించాలి. ధర ఎంత ఉండాలన్న బేరం ఆ అంకెలు బయటపడ్డాక చూసుకోవచ్చు.