బానెట్ మీదికి చేరిన మడి

మన ఇళ్లలో మడీ ఆచారం మంటగలిసిపోయాయని దిగులుపడే పెద్దలకు ఒక శుభవార్త. మడి ఎక్కడికీ పోలేదు. వంటింట్లోంచి బయల్దేరి, లిఫ్టులో సెల్లారుకు దిగి, పార్కింగ్‌లో ఉన్న నల్ల ఎస్‌యూవీ బానెట్ మీద స్థిరపడింది. తడిబట్ట కట్టుకుని, దగ్గరికొచ్చిన పిల్లల్ని "దూరం, దూరం" అని అదిలిస్తూ వంట చేసిన నాయనమ్మగారి మనవడే ఇప్పుడు ఆదివారం పొద్దున్న చేతులకు గ్లవ్స్ తొడుక్కుని, రెండు బకెట్లు విడివిడిగా పెట్టుకుని, "కారు ముట్టుకున్నారంటే ఊరుకోను" అని తన పిల్లల్ని అదిలిస్తున్నాడు. చేతిలో క్లే బార్ అనే, బంకమట్టిలా సాగే ముద్ద. మొహంలో అదే నిష్ఠ.

ఈ దీక్ష తీసుకోని పామరుల కోసం రెండు మాటలు. కారు కడిగితే పైనున్న దుమ్ము పోతుంది, పెయింటుకు అతుక్కుపోయింది మాత్రం పోదు. బ్రేకు వేసినప్పుడల్లా ఎగిరే ఇనుప రజను, వెల్డింగ్ షాపు ముందు పడే రవ్వలు, కొత్త రోడ్డు తారు చుక్కలు, చెట్టు కింద పెడితే కారే జిగురు, పక్క అపార్ట్‌మెంట్‌కు రంగులు కొడుతుంటే గాల్లో వచ్చే తుంపర, ఇవన్నీ క్లియర్ కోట్‌ను, అంటే రంగు మీద ఉండే పారదర్శక పొరను, పట్టుకుని కూర్చుంటాయి. విశాఖలో పోర్టు పక్కన కాపురం ఉన్నవాళ్లకు ఈ ఉపన్యాసం అక్కర్లేదు, బాల్కనీ రెయిలింగ్ మీద వేలు పెట్టి చూసుకుంటే చాలు. ఇలా పైకి పొడుచుకొచ్చిన వాటిని పట్టి లాగెయ్యడమే క్లే బార్ పని. అంతకు మించి దానికే మహత్తూ లేదు. అయితే ఆ మాట భక్తుల ముందు అనకూడదు.

ముందు మైల ఉందో లేదో తేల్చాలి. దీనికేదో మీటరు ఉంటుందనుకునేరు! కారు కడిగి తుడిచాక, పల్చటి పాలిథిన్ కవరులో చెయ్యి దూర్చి వేలికొసలతో బానెట్ మీద మెల్లగా రాస్తే సరి. ఉత్త చేతికి నున్నగా తగిలిన చోటే కవరు చేతికి గరగరమంటుంది. గరగరమనలేదంటే కారుకు క్లే అక్కర్లేదన్నమాట. చాలామంది మనసు విరిగేది ఇక్కడే. ఆన్‌లైన్‌లో తెప్పించిన డబ్బా ఎదురుగా ఉంది, కారేమో నున్నగా ఉంది. ఇంత దూరం వచ్చాక పరీక్ష ఫలితాన్ని ఎవరు పట్టించుకుంటారు? ఏడాదికి ఒకటి రెండుసార్లు చేస్తేనే ఎక్కువైన పనిని నెలనెలా చేసి, ఉన్న పెయింటును కూడా పలచన చేసుకునే పుణ్యాత్ములున్నారు.

పలచన అని ఊరికే అనలేదు. ఈ ముద్దకు జపాన్‌లో వంశవృక్షం ఉంది. తదావో కొడాటే అనే ఆయన పేరు మీద 1995లో అమెరికాలో పేటెంట్ వచ్చింది. ఆ పేటెంట్‌లో దీన్ని వంగే సానరాయి అనే వర్ణించారు. జిగురుగా సాగే పాలీబ్యూటీన్ లాంటి పదార్థంలో సన్నటి రాపిడి పొడి కలిపితే తయారయ్యేది ఇదే. షాపువాడు మాత్రం సానరాయి ఊసెత్తడు. "సార్, బేబీ స్కిన్‌లా అయిపోద్ది" అంటాడు.

ఇక ఎంపిక. క్లేలో మైల్డ్, మీడియం, హెవీ అని మూడు తరగతులు. శాస్త్రం ఒక్కటే: మైల్డుతో మొదలుపెట్టు, ఒక మూల చిన్నచోట రుద్ది చూడు, దానితో పని జరక్కపోతేనే పైతరగతికి వెళ్లు. ఇంత తేలికైన విషయాన్ని ఒప్పుకుంటే వాట్సాప్ గ్రూపులు ఏమై పోవాలి? అందుకని చర్చ రంగు మీదికి మళ్లుతుంది. నీలం మంచిదా, ఎరుపు మంచిదా? జర్మనీదా, జపాన్‌దా? ఒక కంపెనీ నీలం మైల్డయితే ఇంకో కంపెనీ నీలం మీడియం. రంగులకు అందరూ ఒప్పుకున్న పద్ధతేదీ లేదు. డబ్బా మీద ఏ తరగతో రాసే ఉంటుంది, కానీ డబ్బా చదవడం మన పౌరుషానికి భంగం. కౌంటరు దగ్గర నిలబడి "పవర్ ఉన్నది ఇవ్వండన్నా" అంటాం. అన్న హెవీ ఇస్తాడు. చాలా కార్లకు క్లియర్ కోట్ మందం 40, 50 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, మన తల వెంట్రుకే సాధారణంగా దానికన్నా లావు. ఆ పొర మీద హెవీ క్లే పట్టుకుని మనవాడు దండయాత్రకు బయల్దేరతాడు. నల్ల కారైతే సాయంత్రం ఎండ పడేసరికి బానెట్ నిండా మసక కనిపిస్తుంది. దాన్ని పోగొట్టడానికి పాలిషింగ్ మెషిన్ కావాలి. మెషిన్‌కు ప్యాడ్లు కావాలి. ప్యాడ్లలో మళ్లీ రంగులున్నాయి!

క్లే పట్టే ముందు ఐరన్ రిమూవర్ కొట్టడం మంచి అలవాటు, ఈ విషయంలో నాకు వెటకారం లేదు. స్ప్రే చేసిన కొద్ది నిమిషాల్లో తెల్ల తలుపు మీద వంగపండు రంగు ధారలు కారతాయి. ఇనుము కరుగుతోందని గుర్తు. సగం పని అదే చేసి పెడుతుంది కాబట్టి క్లేతో రుద్దాల్సింది తగ్గుతుంది. వచ్చిన చిక్కల్లా వాసనే. కుళ్లిన కోడిగుడ్డు కంపు సెల్లారంతా కమ్ముకుంటే, గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు గ్యాస్ లీకేమోనని వాచ్‌మన్‌ను పరుగులు పెట్టిస్తారు.

రుద్దడంలో విధివిధానాలు కఠినం. నీడ ఉండాలి, బానెట్ చల్లగా ఉండాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో, రోడ్డు మీదే కారు పెట్టి క్లే పట్టే ధీరులున్నారు. క్లే జారడానికి వాళ్లు కొట్టిన లూబ్రికెంట్ చెయ్యి వెళ్లేలోపే ఆవిరైపోతుంది, ఆ పైన జరిగేదంతా పొడి రాపిడి. ఈ లూబ్రికెంట్ కోసం వందలు పోసి సీసాలు కొంటారు కానీ, చాలా క్లేలకు కార్ షాంపూ పలచగా కలిపిన నీళ్లు స్ప్రే బాటిల్లో పోసుకున్నా సరిపోతుంది. సీసా ఏదైనా పొదుపు పనికిరాదు, ఉపరితలం తడితడిగా జారుతూ ఉండాలి. నీళ్ల మాటొచ్చింది కాబట్టి ఒకటి గుర్తు చేస్తాను. 2024 మార్చిలో బెంగళూరు నీటి బోర్డు తాగునీటితో బండ్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అంది. అక్కడి మన క్లే సోదరులు ఆ వేసవిలో ఎంత నలిగిపోయి ఉంటారో ఊహించుకోవచ్చు.

బార్ మొత్తం ఒకేసారి చేతిలోకి తీసుకోకూడదు. ఒక ముక్క తుంచి, వేళ్లతో నొక్కి అప్పచ్చి చేసుకుని, రెండడుగుల చదరం చొప్పున, గుండ్రంగా కాకుండా నిలువుగానో అడ్డంగానో నడపాలి. నొక్కకూడదు. మొదట ముక్క పట్టిపట్టి కదులుతుంది, కింద సన్నగా చరచరమని చప్పుడొస్తుంది. నాలుగైదు సార్లు అటూ ఇటూ తిరిగాక చప్పుడు పోయి జారడం మొదలవుతుంది. అప్పుడు తిప్పి చూస్తే శుభ్రంగా కడిగానని ఒట్టేసుకున్న కారులోంచి వచ్చిన గోధుమరంగు మరకలు, నల్లటి నలుసులు ముక్క నిండా కనిపిస్తాయి. దాన్ని మడతపెట్టి, పిసికి, కొత్త ముఖం పైకి తెచ్చుకుని ముందుకు సాగాలి.

అసలు పరీక్ష ముక్క జారి కింద పడ్డప్పుడు వస్తుంది. పడిందంటే మైలే, ప్రాయశ్చిత్తం లేదు. నేల మీది ఇసుక రేణువు ఒక్కటి దానిలో దిగినా బానెట్ మీద గీతలే గీతలు. "కాస్త కడిగి వాడుకోవచ్చుగా" అని భార్య అంటుంది. కింద పడ్డ బొబ్బట్టును ఉఫ్‌మని ఊది తినేసే ఆ మనిషే ఇప్పుడు ఆవిడ వంక అదోలా చూసి, ముక్కను చెత్తబుట్టలో వేసి, మళ్లీ చేతులు కడుక్కొస్తాడు. ఇంత కఠినం మావల్ల కాదనేవాళ్లకు క్లే మిట్ అని ఒకటుంది. చేతికి తొడుక్కునే తొడుగు, ఒక వైపు క్లే లాంటి రబ్బరు పూత. కింద పడితే నీళ్లతో కడిగి వాడుకోవచ్చు. తడిబట్ట కుదరని రోజున పట్టుబట్టకు మినహాయింపు ఇచ్చిన సంప్రదాయం మనది, దీనికీ ఇవ్వవచ్చు. ఛాందసులు ఒప్పుకోరనుకోండి.

ఇంత చేశాక, "గీతలు పోలేదేంటి?" అంటాడు మనవాడు. పోవు. గీత అంటే పెయింటులో పడిన గాడి, క్లే తీసేది పెయింటు మీద నిలబడిన దాన్ని. బోరునీళ్లు ఎండి పెయింటును తినేసిన తెల్ల మచ్చలూ పోవు. పైగా క్లే తనతో పాటు పాత వాక్సును కూడా పట్టుకుపోతుంది కాబట్టి, ఆ రోజే వాక్సో సీలెంటో పట్టించకపోతే కారు దిసమొలతో రోడ్డెక్కినట్టే. సిరామిక్ కోటింగే కావాలంటారు కొందరు. "9హెచ్ సార్, వజ్రం" అని చెప్పేవాళ్లు చెబుతారు. ఆ 9హెచ్ పెన్సిళ్లతో గీసి కొలిచే గట్టిదనం లెక్క, వజ్రానికీ దానికీ చుట్టరికం లేదు.

గీతలు వచ్చేది ఎక్కడి నుంచి? తెల్లారగట్ల ఐదింటికి సెల్లారులోకి దిగి చూడండి. ఒక మనిషి, ఒక బకెట్, ఒక బట్ట, వరసగా మన కార్లన్నీ. మొదటి కారుకు నీళ్లు తేటగా ఉంటాయి. పదో కారుకు వచ్చేసరికి బకెట్ అడుగున ఇసుక కదలడం చేతికి తెలుస్తుంది. ఆ బట్టే దుమ్ము పట్టిన బానెట్ మీద ఈ చివర్నుంచి ఆ చివరకు నడుస్తుంది, మన జర్మనీ క్లే నున్నగా చేసిన బానెట్ మీదే. ఆయన్ను తప్పుపట్టే హక్కు మనకు లేదు. కారుకు నెలకు కొన్ని వందలిచ్చి, ఆ గంటలో నీళ్లు మార్చుకోవడానికి ఒక కుళాయి కూడా చూపించని వాళ్లం మనం. ఆదివారం మడి మనది, మిగతా ఆరు రోజుల మైలా మనమే కుదుర్చుకున్నది.

కాబట్టి మా అపార్ట్‌మెంట్ జనరల్ బాడీలో ఒక తీర్మానం ప్రతిపాదించాను. సెల్లారులో ఒక కుళాయి, ఆయనకు రెండు బకెట్లు, కారుకొక మైక్రోఫైబర్ బట్ట, పొడి దుమ్ము మీద తుడవడం నిషేధం. క్లే సోదరులందరూ చప్పట్లు కొట్టారు. కుళాయికి చందా అనగానే సగం మందికి ఫోన్లొచ్చాయి. లిఫ్ట్ ఏఎంసీ తేలాక చూద్దామన్నారు సెక్రటరీగారు. ఆయన కారుకు కవరు ఉంది, అందుకని ఆయనకు టెన్షన్ లేదు. దుమ్ము మీద కవరు కప్పి లాగినా గీతలు పడతాయండీ అన్నాను. అది అజెండాలో లేదన్నారు.