వాన పడితే రద్దయ్యే వాన పాఠం

మా అమ్మాయి మూడో తరగతి. 'వెదర్ అండ్ నేచర్' ఫీల్డ్ ట్రిప్ అంటూ స్కూలు వాళ్లు నవంబరులో తేదీ వేశారు. ముందురోజు రాత్రి ఆరెంజ్ అలర్ట్ వచ్చింది, ట్రిప్ రద్దయింది. అందుకు తప్పు పట్టను. 2015 డిసెంబరులో తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్లు కురిసిన చెన్నై ఇది. నా పేచీ తర్వాత జరిగినదాంతో. ట్రిప్పును ఫిబ్రవరికి జరిపి, మబ్బు తునక కూడా లేని ఒక పొద్దున గిండీ పార్కుకు తీసుకెళ్లారు. వర్క్‌షీటులో 'ఈరోజు వాతావరణం' అని మూడు బొమ్మలు: సూర్యుడు, మబ్బు, గొడుగు. క్లాసంతా సూర్యుడికి టిక్కు పెట్టింది. జింకల్ని చూశారు, పులిహోర తిన్నారు, గ్రూప్ ఫొటో దిగి వచ్చేశారు.

జింకలు తక్కువేం కాదు. ఊరి మధ్యలో దాదాపు 2.7 చదరపు కిలోమీటర్ల అడవి ఉండటం అదృష్టమే. కానీ వాతావరణం ఒక్క పూటలో చూసి వచ్చేది కాదు, నిన్నటిని ఇవాళ్టితో పోల్చుకుంటేనే తెలిసేది. చెన్నైకి ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది. సరిగ్గా ఆ మూడు నెలలూ పిల్లలకు వానంటే టీవీలో స్క్రోలింగ్: రేపు ఏ జిల్లాకు సెలవు? ఆరెంజ్‌కూ రెడ్‌కూ తేడా మా అమ్మాయికి బాగా తెలుసు. "ముసురు పట్టిందా తల్లీ?" అని నెల్లూరు నుంచి అమ్మమ్మ ఫోన్లో అడిగితే మాత్రం నా మొహం చూసింది.

అలాంటి ఒక సెలవురోజే డాబా మీద రెండు పెట్టాం. ఒకటి సన్నటి గాజు సీసా, ఇంకోటి వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బా, రెండూ పైనుంచి కిందికి ఒకే వెడల్పు. మర్నాడు ఉదయం ఎనిమిదిన్నరకు స్కేలు పెట్టి కొలిచింది. దేశంలో వాన లెక్క తీసేదీ ఆ వేళకే. సీసాలో 32 మిల్లీమీటర్లు, డబ్బాలోనూ 32. స్కేలు చెడిపోయిందనుకుని మళ్లీ కొలిచింది. "డబ్బాలో నీళ్లు ఎక్కువున్నాయి కదా నాన్నా!" పెద్ద మూతి ఎక్కువ పట్టుకుంటుంది, అంతే వెడల్పున పరుచుకుంటుంది కూడా. ఈ సంగతి తనకు తట్టడానికి ఇడ్లీ చల్లారేంత సేపు పట్టింది, నేను నోరు విప్పలేదు. మిల్లీమీటరు వానంటే చదరపు మీటరుకు లీటరు నీళ్లు. వంద చదరపు మీటర్ల డాబాకు 3,200 లీటర్లు. అవన్నీ ఎటు పోయాయంటూ పైపు వెంట కిందికి దిగింది. ఇంకుడు గుంత దగ్గర ఆగాం. తమిళనాడు 2003లోనే వీటిని తప్పనిసరి చేసింది, మా అపార్ట్‌మెంటులో దాని మూత మీద స్కూటర్లు పెడుతున్నారు.

టీచర్లకు భయాలుంటాయి. బస్సు, జ్వరాలు, తల్లిదండ్రుల ఫోన్లు. డాబా మీద సీసాకు వీటిలో ఏదీ అక్కర్లేదు. మూడు నెలల లెక్క రాసుకున్నాక ట్రిప్ పెట్టండి, నుంగంబాకం వాతావరణ కేంద్రానికి. 1792లో ఈస్టిండియా కంపెనీ అబ్జర్వేటరీ కట్టిన చోటది. అప్పటి రాతి స్తంభం మీద తెలుగు అక్షరాలు కూడా ఉన్నాయి, మన పిల్లలు కూడబలుక్కుని చదువుకోవచ్చు. అక్కడ థర్మామీటర్లుండే తెల్ల చెక్కపెట్టె తలుపు ఉత్తరానికే ఎందుకు తెరుచుకుంటుందో ఎవరైనా అడిగితే, ఆ పూట ఎండ కాసినా నష్టం లేదు.

మా డాబా లెక్క పేపర్లో వచ్చే నుంగంబాకం లెక్కతో ఒక్కరోజూ కలవలేదు. "వాళ్లది తప్పా, మనది తప్పా?" అంటుంది. నోటుబుక్కు తీసుకెళ్లి వాళ్లనే అడుగుతుందట.