గ్రిల్లు షాపు రోల్ కేజ్: ఒక సమర్థన

కారు దొర్లినా లోపలివాళ్లు నలిగిపోకుండా లోపల కట్టే పైపుల చట్రమే రోల్ కేజ్. దాని విషయంలో ఎఫ్‌ఐఏ (ప్రపంచ మోటారు రేసులకి రూల్స్ రాసే సంస్థ) వాళ్లది ఒట్టి చాదస్తం. వాళ్ల రూల్ బుక్కు అపెండిక్స్ ‘జె’, 253వ ఆర్టికల్‌లో ఏం రాసుకున్నారో చూడండి. పైపు అతుకు లేని కోల్డ్ డ్రాన్ (వేడిచేయకుండా సాగదీసిన) కార్బన్ స్టీలే కావాలట. సీటు వెనక కమానులా నిలబెట్టే మెయిన్ హూప్‌కి 45 మి.మీ. వ్యాసం, 2.5 మందం ఉండాలట, కాదంటే 50కి 2 అట. మన వీధి చివర గ్రిల్లు షాపులో 202 గ్రేడు స్టీలు పైపు, 1.2 మందం, అద్దంలా మెరుస్తూ దొరుకుతుంది. బాల్కనీకి ఆగినది కారుకి ఆగదా? పైగా ఫొటోలో మందం కనపడదు.

జీఐ పైపైతే ఇంకా చవక. జింకు పూత కాలి తెల్లటి పొగ లేస్తుంది, వెల్డులో బుడగలు మిగిలిపోతాయి, వెల్డర్‌కి ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది. జ్వరం అతనిది, కేజ్ మనది.

వంపు దగ్గరా పేచీయే. పైపుని వేడిచేయకుండా వంచాలి, వంపు వ్యాసార్ధం పైపు వ్యాసానికి కనీసం మూడు రెట్లుండాలి అంటారు. మన గ్రిల్లు షాపువాడు ఇసుక నింపి, గ్యాస్ మంట మీద ఎర్రగా కాల్చి వంచేస్తాడు. ముడత పడిందా, పుట్టీ ఉంది. కారు దొర్లినప్పుడు ముందుగా మడతపడేది అక్కడే అని కొందరు భయపెడతారు. దొర్లినప్పుడు చూసుకుందాం.

అసలు గొడవంతా కీళ్ల దగ్గర. పైపు చివరను రెండో పైపు గుండ్రానికి సరిగ్గా ఆనేలా కోసి, సందు లేకుండా కూర్చి, చుట్టూ వెల్డు చేయాలి. కానీ పైకప్పుకి ఆనుకున్న వైపు వెల్డింగు టార్చి దూరదు. అందుకని పనిమంతులు హూప్ కాళ్ల కింద ఫ్లోరుకి కన్నాలు కోసి, కేజ్‌ని కిందికి జార్చి, పైకీళ్లు పూర్తిచేసి, మళ్లీ ఎత్తి, కాళ్ల కింద ప్లేట్లు పెట్టి మూసేస్తారు. ఎంత వృథా శ్రమ! మనవాడు సందులో చువ్వముక్క దూర్చి, కనపడే వైపు మామూలు 6013 వెల్డింగు రాడ్డుతో లాగించి, కనపడని వైపు దేవుడికి వదిలేస్తాడు. పైన పటారం లోన లొటారం అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వెల్డింగుకి ముందు కార్పెట్టూ హెడ్‌లైనరూ (లోపలి పైకప్పు గుడ్డ) పీకడం, బ్యాటరీ, ఈసీయూ (ఇంజన్ని నడిపే కంప్యూటరు) కనెక్టర్లు ఊడదీయడం కూడా మనవాడి లెక్కలో దండగే. తడి గోనెసంచి కప్పితే చాలు.

బాడీకి బిగించే హూప్ కాళ్ల కింద 3 మి.మీ. మందం, 120 చ.సెం.మీ. వైశాల్యం ఉన్న ప్లేటు బాడీకి వెల్డు చేసి, కాలుకి మూడేసి 8.8 గ్రేడు ఎం8 బోల్టులు వేయాలట. బోల్టులెందుకు, రేకు స్క్రూలు లేవా? మిల్లీమీటరు కూడా లేని ఫ్లోరు రేకుని చీల్చుకుని పైపు కిందికి దిగితే, కారుకి ఐదో కాలు వచ్చిందనుకోవాలి.

కేజ్ ఉన్న కారులో హెల్మెట్టు, ఆరు పట్టీల హార్నెస్, పైపుకి గట్టి ప్యాడింగ్ తప్పనిసరి అనేది మరో మొండిపట్టు. మన కారులో మామూలు బెల్టు, పైపుకి ఏసీ గొట్టం మీద చుట్టే నల్ల స్పాంజి. చిన్న గుద్దుకే తల వెళ్లి పైపుని పలకరిస్తుంది. పక్క కిటికీల మీదికి దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే దారిలో పైపుంటే, ఎయిర్‌బ్యాగే సర్దుకుపోవాలి.

ఇక చట్టం. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ బంపరు ముందు కట్టే బుల్‌బార్లకే మోటారు వాహనాల చట్టంలో బండికి ఇష్టమొచ్చిన మార్పులు కూడదనే 52వ సెక్షన్ చూపించి వద్దంది. లోపలి కేజ్ ఎవరి కంటా పడకూడదంటే అద్దాలకి నల్ల ఫిల్మ్ అంటించుకోవచ్చు. 2012లో సుప్రీంకోర్టు దాన్నీ కాదంది కనుక చలాన్లు రెండూ ఒకే చోట కట్టేయొచ్చు. అయితే ఇంత డబ్బు పోసి చేయించిన కేజ్ అప్పుడు ఎవరికీ కనపడదు, అదొక్కటే ఇబ్బంది.