ప్లస్ గుర్తు ఏమైంది?

అమ్రాబాద్ అడవిలో వేసిన నమూనా ప్లాట్ల వివరాలను, కోడ్‌తో సహా అందరికీ తెరిచి ఉండే వెబ్ పరికరంలో పెట్టాలా వద్దా అని మహబూబ్‌నగర్‌లోని ఒక కళాశాలలో జరిగిన వాదం ఇది.

అధ్యాపకుడు: అమ్మా, తాడు పట్టి కొలిచిన చతురస్రంలో ఏ చెట్టు, ఏ గడ్డి నేలను ఎంత కప్పిందో చూసి రాసుకున్న పుటలివి. అడవి తొక్కని వారి చేతికిస్తే, నాలుగు మీటలు నొక్కి వచ్చిన రంగుల చిత్రాన్నే నల్లమల అనుకుంటారు.

పరిశోధకురాలు: ఇప్పుడవి బీరువాలో ఉన్నాయి సార్, చూసి తప్పు పట్టేవారే లేరు. గణాంకాలకు వాడే ఆర్ అనే కంప్యూటర్ భాషలో మొక్కల సముదాయాల లెక్కలు చేసే వీగన్ ప్యాకేజీ ఉచితమే అయినా, కోడ్ రాయడం రాని బీట్ ఆఫీసరుకూ డిగ్రీ విద్యార్థికీ అది అందదు. ఆర్ కోడ్‌ను వెబ్ పేజీగా మార్చే షైనీతో అదే లెక్కను బ్రౌజర్‌లో చూపవచ్చు.

అధ్యాపకుడు: అందినంత మాత్రాన అర్థమవుతుందా? మొక్క నేలను ఎంత కప్పిందో గుర్తులతో రాసే బ్రౌన్-బ్లాంకే కొలతలో 3 అంటే సంఖ్య కాదు, 25 నుండి 50 శాతం నేల కప్పిందని గుర్తు. అక్కడక్కడా కనిపించి, చాలా కొద్ది చోటే కప్పిన మొక్కకు ప్లస్ గుర్తు వేస్తాం. దాన్ని సంఖ్యగా మార్చమంటే ఆర్ ఒక హెచ్చరిక ఇచ్చి ఖాళీ విలువ పెడుతుంది, ఆ హెచ్చరిక బ్రౌజర్ ముందున్నవారికి కనబడదు. మోకాళ్ళ మీద కూర్చుని వెతికి పట్టిన చిన్న మొక్కలే ముందుగా మాయమవుతాయి.

పరిశోధకురాలు: అందుకే కోడ్ తెరిచి ఉండాలంటున్నాను. మూసిన సాఫ్ట్‌వేర్‌లో ప్లస్ ఏమైందో మీకైనా తెలియదు, ఇక్కడ ఆ కోడ్ వరుసను చదివి, దిద్ది, కారణం పక్కనే రాయవచ్చు. శాస్త్రీయ నామాలూ అంతే: చిరుమాను అనోజైసస్ లాటిఫోలియాగా ఉండేది, 2017లో టెర్మినేలియా అనోజైసియానా అయింది. పాత పేరు పక్కన కొత్త పేరు చూపే జతపట్టిక లేకుండా పాత, కొత్త పుటలను కలిపితే ఒకే చెట్టు రెండు జాతులుగా లెక్కకొస్తుంది.

అధ్యాపకుడు: సరే. కొండగోగు బంక చెంచులకు బతుకుతెరువు. ఆ చెట్లున్న చోటు పటంలో పెడతారా?

పరిశోధకురాలు: అక్షాంశ రేఖాంశాలను ఒక్క దశాంశ స్థానానికి కుదిస్తే, చోటు సుమారు 11 కిలోమీటర్ల గడిలో కలిసిపోతుంది.

అధ్యాపకుడు: ఆ గడి చాలునో లేదో పెంటల్లో, అంటే చెంచుల గూడేల్లో, అడిగారా?

(అన్నింటిలోనూ బరువైన అభ్యంతరం ఇదేనని నా నమ్మకం.)

పరిశోధకురాలు: అడగలేదు సార్. అడిగేదాకా కొండగోగు వరుసలు పెట్టను.

అధ్యాపకుడు: ఏప్రిల్‌లో గడ్డి ఎండిపోయాక వేసిన ప్లాటునూ, సెప్టెంబరులో వేసిన ప్లాటునూ ఒకే చిత్రంలో కలపరని మాటిస్తారా?

పరిశోధకురాలు: వాడేవారందరి తరఫున మాటివ్వలేను. పట్టికలో నెల గడి ఖాళీగా ఉన్న ప్లాటును పరికరం తీసుకోకుండా కోడ్ రాస్తాను, ఆ కోడ్ వరుసను మీరే సరిచూడండి.