బజ్జీ కారం, కోశాధికారం

ట్రెజరర్ కావాలని నేనెప్పుడూ అనుకోలేదు. ఆదివారం పొద్దున మా అనంతపురం వాకింగ్ క్లబ్బు సర్వసభ్య సమావేశానికి నేను పోయింది ఉగ్గాణి కోసం, దాని పక్కన పెట్టే మిరపకాయ బజ్జీ కోసం. అబద్ధమెందుకు.

అయితే మొదటి తప్పు మాత్రం నాదే. పోయినేడాది మా ఎన్నికల్లో ఒకాయన ఒక పేరు చెప్తే, ఇంకొకాయన "బలపరుస్తాండా" అని అరిచి, ఆ పేరు గలాయన "నన్నడక్కుండా నా పేరెట్ల చెప్తారప్పా" అని లేచి, ఆ గోలలో ఇద్దరు సెక్రటరీలు తయారై నెల రోజులు రెండు రశీదు పుస్తకాలు నడిచాయి. ఆ విసుగులో నేనే, మా అమ్మాయి అమెరికా నుంచి తెచ్చిన, సభలు ఎట్లా నడపాలో చెప్పే రాబర్ట్ రూల్స్ పుస్తకం పట్టుకొచ్చి, మన బైలాలో లేని ప్రతిదానికీ ఇకమీద ఇదే దిక్కు అని తీర్మానం చేయించాను. ఆ రాబర్ట్ సైన్యంలో ఇంజనీరు. 1863లో ఎవరో ఒక చర్చి మీటింగుకు అధ్యక్షత వహించమంటే పోయాడు, అది రచ్చ రచ్చ అయింది, సభ ఎట్లా నడపాలో తెలుసుకోకుండా ఇంకో మీటింగుకు పోనని అనుకున్నాడు, చివరికి 1876లో ఏకంగా పుస్తకమే వేశాడు. మనవాడే అనిపించింది నాకు. ఇప్పుడు నడుస్తున్నది 2020లో వచ్చిన 12వ ఎడిషన్, 700 పేజీలకు పైనే. అందులో నేను చదివింది 20 పేజీలు. మా ప్రెసిడెంటు రిటైరైన లెక్కల మాస్టారు, ఆయన ఎర్ర పెన్సిల్ పట్టుకుని మొత్తం చదివేశాడు. కొంప మునిగింది అక్కడే.

ప్రెసిడెంటు, సెక్రటరీ పోస్టులు చిటికెలో అయిపోయాయి. ట్రెజరర్ దగ్గరికొచ్చేసరికి అందరూ సెల్‌ఫోన్లు చూసుకోవడం మొదలుపెట్టారు. నామినేటింగ్ కమిటీ అని ముగ్గుర్ని వేస్తే వాళ్లు వారం తిరిగి ఒక్క పేరూ తేలేకపోయారు. దాంతో మాస్టారు గొంతు సవరించుకుని "ఫ్లోర్ నుంచి నామినేషన్లు ఆహ్వానిస్తున్నాను" అన్నాడు.

కుర్చీలు చాలక సగం మంది కింద జంపఖానా మీద కూర్చున్నారు. వాళ్లు సర్దుకుని కూర్చున్నారు, కుర్చీల్లోవాళ్లకు కోపమొచ్చింది. "ఏం సార్, కుర్చీలో కూర్చున్నోళ్లకు నోరు ల్యాదా?" అని ఒకాయన లేచాడు. ఫ్లోర్ అంటే నేల కాదు, సభలో ఉన్న సభ్యులంతా అని మాస్టారు చెప్పి చెప్పి అలిసిపోయాడు. అయినా మా మెడికల్ షాపు పెద్దాయన నమ్మలేదు. మోకాళ్ల నొప్పులున్న మనిషి, "ఎందుకైనా మంచిది" అని గోడ పట్టుకుని కుర్చీ దిగి జంపఖానా మీద కూర్చుని మరీ ఒక పేరు చెప్పాడు. ఆ పేరు నాది. "రోజూ టీ డబ్బుల లెక్క రాసేది ఈయనే గదా సార్." ఆయన్ని మళ్లీ పైకి లేపడానికి ఇద్దరు పట్టాల్సొచ్చింది.

నేను నవ్వుకున్నాను. ఎవరూ బలపరచలేదు, కాబట్టి చెల్లదు అని నా ధైర్యం. మాస్టారు ఎర్ర గీత చూసుకుని "నామినేషన్‌కు బలపరిచేవాళ్లు అక్కర్లేదు" అన్నాడు. నేను చదివిన 20 పేజీల్లో అది లేదు.

సరే, దానికీ భయపడలేదు. మా క్లబ్బులో బ్యాంకు మామ ఉన్నాడు, బ్యాంకులో రిటైరయ్యాడు, ఈ పోస్టు మీద మనసుంది. కాకపోతే తనంతట తాను అడిగినట్టు ఉండకూడదు, నలుగురూ బతిమాలితే కాదనలేక ఒప్పుకున్నట్టు ఉండాలి, అందుకే తాను లేనప్పుడు తన పేరు ఎత్తొద్దని మనుషులకు చెప్పిపెట్టి, రెండో విడత బజ్జీలు తేవడానికి స్కూటరేసుకుని పోయాడు.

మొదటి విడత అప్పుడే వచ్చింది. నేను వెనక కిటికీ పక్కన ఉన్నాను కాబట్టి మొదటి బజ్జీ నాదే. కొరికాను. లోపల మిరపకాయ ఉత్త మిరపకాయే, గింజ కూడా తీయలేదు, వాము పెట్టలేదు, నూనె ఇంకా బుసబుసమంటోంది. నాలుక, చెవులు, నడినెత్తి అన్నీ ఒక్కసారి అంటుకున్నాయి. మింగలేను, కక్కలేను. నీళ్ల జగ్గు పట్టుకున్న పిల్లోడు ఆ చివర ఉంటే చెయ్యెత్తాను.

సరిగ్గా అప్పుడే ముందు వరుసలో ఎవరో "నామినేషన్లు ముగించాలి" అని ప్రతిపాదిస్తే మాస్టారు చేతులు లెక్కపెడుతున్నాడు. ఇంకెవరైనా పోటీకి రాకుండా తలుపు మూసేయడమే గదా అది, అందుకని మామూలు మెజారిటీ చాలదంట, ఓటేసినవాళ్లలో మూడింట రెండు వంతులు కావాలంట. వ్యతిరేకంగా బ్యాంకు మామ మనుషులు 10 మంది ఎత్తారు. అనుకూలంగా టిఫిను తొందర ఉన్నవాళ్లు 19 మంది. 29లో 19 అంటే చాలదు. లెక్కల మాస్టారు కదా, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"వెనక కిటికీ దగ్గర ఇంకో చెయ్యి ఉంది. 20. ఇటు 20, అటు 10, సరిగ్గా రెండు వంతులు. ముగిసింది!"

ఉన్నది ఒకే పేరు, మా బైలాలో బ్యాలెట్ తప్పనిసరి అని లేదు, కాబట్టి ఏకగ్రీవం అని ప్రకటించేశాడు. "ఎన్నికైన సభ్యుడు ఇక్కడే ఉన్నాడు. ఇప్పుడు వద్దనకపోతే ఎన్నిక ఖాయమైనట్టే" అని నా వైపు చూశాడు. అందరూ చూశారు. నేను వద్దనాలి. నోటినిండా నిప్పు. రెండు చేతులూ గట్టిగా ఊపాను, అందరికీ నమస్కారం చెప్తున్నాననుకున్నారు. కళ్లల్లోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

"పాపం, ఎంత కదిలిపోయినాడో చూడండప్పా" అని మెడికల్ షాపు పెద్దాయన చప్పట్లు మొదలుపెట్టాడు.

నీళ్లు తాగి నాకు మాట వచ్చేసరికి మినిట్స్ బుక్కులో రాసేశారు. నామినేషన్లు మళ్లీ తెరవడానికైతే మామూలు మెజారిటీ చాలు గదా సార్ అని ఎవరో నా తరఫున అడిగారు కూడా. చాలు గానీ అది ఫలితం ప్రకటించకముందు మాట అన్నాడు మాస్టారు. అప్పుడొచ్చాడు బ్యాంకు మామ, నెత్తి మీద బజ్జీల గంపతో. సంగతి విని గంప దించి, నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూశాడు.

"చెయ్యెత్తి మరీ తెచ్చుకున్యావంట గదా" అన్నాడు. జేబులోంచి కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. "బజ్జీల బిల్లు. 1,480. స్కూటర్ పెట్రోలు యేరే."