మాన్యువల్‌లో స్థిరపడిపోయిన సెలెక్టర్ స్విచ్ గారికి

మహారాజశ్రీ హీట్ ట్రేసింగ్ ప్యానెల్, 17వ సర్క్యూట్ సెలెక్టర్ స్విచ్ గారి సముఖమునకు,

షిఫ్ట్ ఇంజినీర్ నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. పైపులో సరుకు గడ్డకట్టకుండా కరెంటు కేబుల్ చుట్టి వెచ్చగా ఉంచేదే హీట్ ట్రేసింగ్. ఆ వేడిని కంట్రోలర్‌కు వదలాలా ('ఆటో'), దాన్ని దాటి నేరుగా ఇవ్వాలా ('మాన్యువల్') అని తేల్చేది తమరే. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. తమరు మాత్రం చలికాలంలో ఎవరో తిప్పిన చోటే, 'మాన్యువల్' మీదే కొలువై ఉన్నారు. ఇన్సులేషన్ ఊడిన ఫ్లాంజ్ దగ్గర వేలు పెడితే చురుక్కుమంటోంది.

తమరు చేసిన మేలు మరిచేంత కృతఘ్నులం కాము. ఆ రాత్రి పైపు మీది ఆర్‌టీడీ, అంటే ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్, పోయింది. సెన్సర్ పోతే హీటింగ్ ఆపెయ్యమని కంట్రోలర్‌లో పెట్టి ఉంది కాబట్టి అది ఆపేసింది. లైన్లో ఉన్నది 50 శాతం కాస్టిక్ సోడా. 12 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలుపెట్టే సరుకు. ఆపరేటర్ పరుగున వచ్చి మిమ్మల్ని తిప్పాడు, లైను బతికింది. అతను చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని.

గొడవంతా మర్నాటి నుంచే. పైపు వేడిగా ఉంది, పంపు నడుస్తోంది, ఫిర్యాదు చేసేవాడు లేడు. ఫిర్యాదు లేని చోట ఆర్‌టీడీ మార్చేవాడూ ఉండడు. సెన్సర్ అలారం కొన్నాళ్లు మోగింది. ఎవరో విసుగొచ్చి దాన్ని షెల్వ్ చేశారు, అంటే మోగకుండా పక్కన పెట్టారు. అలారంల నిర్వహణకు ఉన్న ఐఎస్ఏ 18.2 ప్రమాణం షెల్వింగ్ అంటే తాత్కాలికంగా అణచడమే అంటుంది. మా దగ్గర తాత్కాలికానికి ఉన్నంత ఆయుష్షు పర్మనెంట్ ఉద్యోగులకు కూడా లేదు.

తమరి గొప్పతనం కంట్రోల్ రూమ్‌లో కూర్చుంటే గానీ తెలియదు. స్క్రీన్ మీద 17వ సర్క్యూట్ పక్కన నిక్షేపంగా 'ఆటో' అని కనిపిస్తుంది. అది కంట్రోలర్ తన గురించి తాను చెప్పుకుంటున్న మాట. తమరి సంగతి దానికి తెలియదు. తమరు ఎటు తిరిగి ఉన్నారో చెప్పగల సహాయక కాంటాక్ట్ ఒకటి తమరి వెనకాల ఖాళీగా ఉంది, దానికి వైర్లు లాగినవాడు లేడు. మొన్న ప్యానెల్ తెరిచి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ వేస్తే 9 ఆంపియర్లు. కంట్రోలర్ అవుట్‌పుట్ చూస్తే ఆఫ్. 230 వోల్టుల మీద 9 ఆంపియర్లంటే రోజుకు 50 యూనిట్లు, నెలకు 1,500. మండుటెండలో పైపుకు దుప్పటి కప్పే ఖర్చు ఇది.

'సెల్ఫ్ రెగ్యులేటింగ్ కేబులేగా, పైపు వేడెక్కేకొద్దీ అదే తగ్గించుకుంటుంది' అని తమరి తరఫున వాదించేవాళ్లున్నారు. తగ్గించుకుంటుంది, ఆగిపోదు. పైపు ఎంత వేడిని బయటికి వదులుతోందో అంత ఇచ్చే చోట నిలబడుతుంది. ఆ చోటు మనకు కావలసిన డిగ్రీ దగ్గరే ఉండాలన్న నియమమేమీ లేదు. కాస్టిక్ లైను అతిగా వేడెక్కితే కార్బన్ స్టీల్ వెల్డుల దగ్గర పగుళ్లు వస్తాయి. పక్క వరుసలో ఉన్నవి మినరల్ ఇన్సులేటెడ్ కేబుళ్లు, వాటికి తగ్గించుకునే గుణమే లేదు. మండే వాయువులుండే చోట కేబుల్ తొడుగు టీ3 ఉష్ణోగ్రత తరగతిలో 200 డిగ్రీలు, టీ4లో 135 దాటకూడదు. అక్కడ తమరి బంధువులు కంట్రోలర్‌ను దాటితే దాటారు, వేడి హద్దు మీరితే కరెంటు కోసే లిమిటర్‌ను కూడా దాటేలా వైరింగ్ చేసి ఉంటే అది ఓవర్‌రైడ్ కాదు, ఆత్మహత్యాయత్నం.

తమరి మీద అతికించిన చీటీ గురించి కూడా మనవి చేయాలి. 'ఆటోలో పెట్టరాదు' అని ఉంది. సంతకం లేదు, తేదీ లేదు. ప్లాంట్ మేనేజర్ సర్క్యులర్‌ను కూడా ఇంత భక్తిగా ఎవరూ పాటించలేదు.

రిజిస్టర్ లేదనుకునేరు, భేషుగ్గా ఉంది. కారణం: 'అవసరం'. పెట్టినవారు: 'షిఫ్ట్'. ఎప్పటివరకు: 'తదుపరి ఉత్తర్వుల వరకు'. తీసినవారు: ఖాళీ. ఆ ఉత్తర్వులు ఎవరివ్వాలో రాయడానికి గడి లేదు. కంట్రోలర్‌లోనూ ఓవర్‌రైడ్ ఉంది. పెట్టినవాడి పేరు రాసుకుంటుంది, పన్నెండు గంటల గడువు పెడితే తనంతట తానే ఆటోకు వచ్చేస్తుంది. అందుకే దాని జోలికి ఎవరూ పోరు. తమరు పాస్‌వర్డ్ అడగరు, పేరు అడగరు, గడువు అడగరు.

ఇంకో మాట. తమరిని ఆటోకు తిప్పాలంటే మధ్యలో 'ఆఫ్' దాటాలి. కొందరు అక్కడే దిగిపోతారు. 22వ సర్క్యూట్ వారు అలా ఆఫ్‌లో ఎన్నాళ్లుగా ఉన్నారో మళ్లీ చలి వచ్చాకే తెలుస్తుంది. 2021 ఫిబ్రవరిలో అమెరికాలో సౌత్ టెక్సాస్ అణువిద్యుత్ కేంద్రం మొదటి యూనిట్ ట్రిప్ అయి ఆగిపోయింది, ఆవిరి తయారీకి పంపే ఫీడ్‌వాటర్ ప్రెజర్ కొలిచే సన్నగొట్టం గడ్డకట్టి. అందులో తమరి వంశం పాత్ర ఉందని నేననడం లేదు. అంత చిన్న గొట్టానికి అంత పెద్ద యూనిట్ ఆగుతుందని మాత్రమే మనవి.

కంట్రోలర్ ఆఫ్ అంటుంటే కరెంటు పారుతోందా అని చూసి అలారం ఇవ్వడానికి కొత్తగా ఒక్క వైరూ అక్కర్లేదు. ఆ రెండు అంకెలూ కంట్రోలర్ దగ్గరే ఉన్నాయి. ఆ ప్రతిపాదన పంపాను, పరిశీలనలో ఉంది. ఆర్‌టీడీ కూడా స్టోర్స్‌కు వచ్చింది. ఇన్సులేషన్ విప్పితేనే బిగిస్తామని ఇన్‌స్ట్రుమెంట్ వాళ్లు, సర్క్యూట్ ఆపితేనే విప్పుతామని మెకానికల్ వాళ్లు. ఎలక్ట్రికల్ వాళ్లను అడిగితే, స్క్రీన్ మీద ఆటోలోనే ఉందిగా, ఈ ఎండలో అదే ఆగిపోయి ఉంటుంది పొమ్మన్నారు.

ఇట్లు,
తమరి ముందు నుంచి రోజూ నడిచి వెళ్లే
షిఫ్ట్ ఇంజినీర్